అర సెకను అలక

"నువ్వు చెప్పమ్మా."
"లేదు, నువ్వే చెప్పు."
మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలెట్టడం, ఒకేసారి ఆగిపోవడం!

డాలస్‌లో ఉన్న అక్కతో ఇవాళ అమ్మ వాట్సాప్ కాల్ ఇలాగే నడిచింది. "అడిగినదానికి ఆగి ఆగి చెప్తోందిరా, ఏదో దాస్తోంది" అని అమ్మ బెంగ.

దాచడం కాదమ్మా, దూరం.
ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి డాలస్ నేరుగా కొలిచినా దాదాపు 14,000. అంటే మాట చేరడానికే 70 మిల్లీసెకన్లు. అది ఎవరూ తగ్గించలేరు. ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపైతే మనకు పెద్దగా తెలియదు కూడా.
ఆ పైన పడే ఆలస్యంలో కొంత మన ఇంట్లోదే.

బ్లూటూత్ తీసి వైరు ఇయర్‌ఫోన్ పెట్టా. అమ్మని రౌటర్ పక్కన కూర్చోబెట్టా. టీవీలో యూట్యూబ్ ఆపా.
అక్క నవ్వు టైముకి వినపడింది!

ఎన్ని ఇళ్లలో ఈ గ్యాప్‌ని అలక అనుకున్నారో...
మీ ఇంట్లోనూ జరిగిందా? చెప్పండి.