తాళం వేసిన అల్మారా

మా ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ళకి మొదట కనబడేది పుస్తకాల అల్మారా. కనబడాలనే అక్కడ పెట్టాను. వీధి తలుపు తీస్తే ఎదురుగోడ, దానికి ఆనించి అద్దాల తలుపుల అల్మారా, దానికో ఇత్తడి తాళం. తాళంచెవి ఎప్పుడూ నా జేబులోనే.

కలకత్తా వాట్‌గంజ్‌లో ఓ పాత ఇంట్లో మాది కింది వాటా. ఓడరేవు సరుకు విడిపించే ఆఫీసులో గుమాస్తా పని దొరికి శ్రీకాకుళం నుంచి వచ్చాను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల రేవు కట్టించబోయిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే అరిగి అరిగి వాట్‌గంజ్ అయింది. 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరిచారు. ఆ పనుల కోసం అన్ని భాషల కూలీలూ, కళాసీలూ, గుమాస్తాలూ ఈ చుట్టుపక్కల చేరారు. అయినా ఇది కవుల పేట కూడా. మైకేల్ మధుసూదన్ దత్, రంగలాల్, హేమచంద్ర ఈ ఖిదిర్‌పూర్‌లో ఉన్నవాళ్ళేనని ఇక్కడో వీధికి కవితీర్థ సరణి అని పేరు పెట్టుకున్నారు. మధుసూదన్ 1848 నుంచి 1856 దాకా మద్రాసులో ఉన్నాడు. అందుకని మా ఇంటి ఓనరు దాదా, "మా మైకేల్ ఎనిమిదేళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నాడయ్యా" అంటుంటాడు. మద్రాసు మా ఊరు కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఇలాంటి చోట గుమాస్తాకి గౌరవం కావాలంటే ఏం చెయ్యాలి? దాదా ఇంటి ముందుగదిలో రవీంద్ర రచనావళి ఉంది. 1961లో ఠాగూర్ శతజయంతికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చౌకధరకి వేసిన సంపుటాలు. నేనూ కాలేజ్ స్ట్రీట్‌కి పోయి, పాత పుస్తకాల వాడి దగ్గర బేరమాడి, బంగారు అక్షరాల బైండింగులున్న ఠాగూర్ సంపుటాలు రిక్షాలో వేసుకొచ్చాను. నాకు బెంగాలీ మాట్లాడడం వచ్చు, షాపు బోర్డులు కూడబలుక్కోవడం వచ్చు. అంతే. అయినా వాటిని సరిగ్గా కంటికి ఆనే అరలో పెట్టాను. కింది అరల్లో విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాలు, ఎమెస్కో పాకెట్ నవలలు, తెలుగులోకి వచ్చిన శరత్. నిజంగా నేను రాత్రిళ్ళు చదివే డిటెక్టివ్ నవలలూ, వారపత్రికల్లోంచి చింపి కుట్టించుకున్న సీరియళ్ళూ మాత్రం మంచం కింద రేకు ట్రంకులో.

మా సందు చివర ఇడ్లీ బండి పెట్టుకున్న తాత ఉన్నాడు. పలాస వైపు మనిషి. డాక్‌లో మూటలు మోసీ మోసీ నడుం పోయాక బండి పెట్టాడు. ఓరోజు మా ఇంటికొచ్చి అద్దంలోంచి చూస్తూ, "బాబూ, ఇందల రంగం ఎల్లినోళ్ళ కత ఉందా?" అన్నాడు. వాళ్ళ తాత కూలికి రంగం, అంటే రంగూన్, వెళ్ళి మరి తిరిగి రాలేదట. శరత్ 1903లో బర్మా వెళ్ళి పదమూడేళ్ళు ఉన్నవాడు. ఆయన నవల 'శ్రీకాంత్' రెండో భాగంలో కథానాయకుడు కలకత్తాలో ఓడెక్కి రంగూన్ పోతాడు. తాళం తీసి, మనసొప్పకుండానే ఆ పుస్తకం ఇచ్చాను.

ఎనిమిది నెలలైంది. పరహస్తం పోయిన పుస్తకం తిరిగి రాదన్న మాట ఒకటే నా బుర్రలో తిరుగుతోంది. ఓ ఆదివారం పొద్దున్న బండి దగ్గర పదిమంది తింటుండగా అనేశాను: "ఏం తాతా, నా పుస్తకం పొట్లాలకి చింపేశావా?"

తాత చేతిలో గరిటె ఆగింది. "నేదు బాబూ. నానోటోటి కలుపుకు సదివేసరికి ఆలీసమవుతాది" అన్నాడు. మర్నాటి నుంచి బండి లేదు. ఊరెళ్ళాడన్నారు.

తరవాతి వైశాఖంలో, ఠాగూర్ జయంతికి మనవరాలు పద్యం చదవాలని దాదా తన దగ్గర లేని ఓ సంపుటం అడిగాడు. నా ఠాగూర్ సంపుటాల వైపు వేలు చూపించి ఒకరు అడగడం అదే మొదలు. దర్జాగా తాళం తీసి లాగాను. పుస్తకం చేతిలోకి ఉత్తినే వచ్చేసింది, బరువే లేదు. తెరిస్తే కాగితం లేదు, మట్టి. అట్ట మీద బంగారు అక్షరాలు చెక్కుచెదరలేదు. లోపల వేలెడంత లోతున గోధుమరంగు దారులు, వాటిలో తెల్లగా కదులుతున్న చెదపురుగులు. చెదకి తడి కావాలి, వెలుతురు పడకూడదు, మనిషి చెయ్యి తగలకూడదు. మూడూ నేనే అమర్చిపెట్టాను. హుగ్లీ చెమ్మ పట్టిన గోడకి చెక్క అల్మారా ఆనించి, తలుపులకి తాళం వేశాను. గోడలోంచి మట్టి గొట్టం కట్టుకుని వెనక చెక్కలోంచి వచ్చి, ముందున్న బైండింగులు ముట్టుకోకుండా తినేశాయి. అరకి అర అలాగే ఉంది. దాదా ఏమీ అనలేదు. సంపుటం నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు. తిట్టినా బావుండేది.

మొత్తంలో మిగిలింది రేకు ట్రంకు ఒక్కటే. నేను దాచుకున్నవి బతికాయి, చూపించుకున్నవి పోయాయి.

రథయాత్రకి ముందు తాత వచ్చాడు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన 'శ్రీకాంత్' రెండు చేతులా అందించాడు. కొసలు మెత్తబడ్డాయి, ఓడ ఎక్కే చోట పేజీ మీద నూనె వేలిముద్ర. ఊళ్ళో మనవరాలి చేత చదివించుకున్నాడట. వీధి అరుగు మీద చదువుతుంటే ఇరుగుపొరుగూ వచ్చి కూచునేవారట. "మాట అనిపించుకున్నాను గానీ బాబూ, కత అవకుండా ఎలగ ఇచ్చీమంటావు?" అన్నాడు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అల్మారా తలుపు తీసి చూపించాను. తాత చాలాసేపు చూసి, "తాళమెందుకేసినావు బాబూ?" అన్నాడు.

ఒకరి ఇంట్లో పుస్తకాలు చూస్తే ఆ మనిషి తెలిసిపోతాడంటారు. ఏం కొన్నాడో చూస్తే తెలిసేది అతని సరదా మాత్రమే. అందులో ఎన్ని బయట తిరుగుతున్నాయో, ఏవి నలిగాయో, ఏవి మంచం కిందకి పోయాయో చూడాలి. నా అల్మారా నా గురించి అబద్ధం చెబుతోందనుకున్నాను. అది నిజమే చెప్పింది, చదవడం నాకు రాలేదు.

ఇప్పుడు అల్మారా గోడకి జానెడు ఎడంగా ఉంది. తాళం తీసేశాను. డిటెక్టివ్‌లు పై అరలోకి వచ్చాయి. పక్కన మేకుకి ఓ నోటుపుస్తకం వేలాడుతోంది, ఎవరేం పట్టుకెళ్ళారో రాయడానికి. సెలవురోజున అలీపూర్ నేషనల్ లైబ్రరీకి పోయి, చెద తిన్న తెలుగు పుస్తకాలు ఒక్కోటి అడిగి తెప్పించుకుని చదువుతున్నాను. కొన్నిటిని మొదటిసారి.

'శ్రీకాంత్' ఇంట్లో లేదు. ఎవరో తీసుకెళ్ళారు.