భుజం చెప్పే మాట

ఇరవై ఏళ్ళుగా వాకిట్లో మంచు ఎత్తిపోసి ఎత్తిపోసి నా కుడి భుజం మొరాయించింది. తల దువ్వుకోవడమే గగనమైంది. ఎక్స్‌రేలో ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి. డాక్టరుగారు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎం.ఆర్.ఐ.కి పంపారు. భుజాన్ని పట్టి ఉంచే నాలుగు కండరాల్లో ఒకదాని కొసన చిరుగు! అది ఎక్స్‌రేకి అందదు.

1973లో మన న్యూయార్క్ రాష్ట్రంలోనే, స్టోనీ బ్రూక్‌లో, పాల్ లాటర్‌బర్ సన్నని గొట్టాల్లోని నీటికి తీసిన బొమ్మతో ఈ విద్యకు శ్రీకారం చుట్టారు. 2003లో నోబెల్ అందుకున్నారు.

అయితే అరవై దాటినవారిలో నొప్పి లేని చిరుగులూ మామూలేనట. నాకు ఆపరేషన్ లేకుండా వ్యాయామంతోనే నెమ్మదించింది. మన పెద్దవాళ్ళు "వయసు నొప్పిలే" అని ఓర్చుకుంటారు. ఎక్స్‌రే బాగుందని వదిలెయ్యకండి. చిరుగు కనబడిందని బెదిరిపోకండి. బొమ్మతో పాటు చెయ్యీ చూసే డాక్టరుకి చూపించండి.