సైకిలు మీద ఒక రాత్రి: ఏ బరువు దింపాలి, ఏ బరువు మోయాలి

సైకిలు మీద బయలుదేరి, ఒక రాత్రి ఎక్కడైనా ఆరుబయట నిద్రించి, మరునాడు ఇల్లు చేరే ప్రయాణాన్ని ఇప్పుడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. మా నారాయణరావుపేట నుండి రంగనాయకసాగర్ వైపో, కొమురవెల్లి మల్లన్న గుడికో, ఉత్తరాన సిరిసిల్ల మీదుగా వేములవాడకో పోయి రావడానికి ఒక రాత్రి, రెండు పగళ్ళు చాలు. దారి ఎక్కువగా చదునే. మధ్య మధ్య చిన్న మిట్టలు. వయసు మళ్ళిన వారు కూడా తొందర లేకుండా పోగలిగిన దారులివి. బయలుదేరే ముందు నన్నడిగే వారి ప్రశ్న ఒక్కటే: సామాను ఎంత ఉండాలి?

విదేశీ యాత్రికులు తయారు చేసిన జాబితాలు చూసి కొందరు వేలకు వేలు ఖర్చు పెడుతున్నారు. పక్షి ఈకలు కూరిన నిద్రసంచి, టైటానియం గిన్నె, చేతిరుమాలు అంతగా మడిచే డేరా. వాటిలో ప్రతి వస్తువు వెనుక ఒక భయం ఉన్నది. ఆ భయం చలి. మంచు కురిసే దేశాలలో రాత్రి చలికి శరీరం వేడిని కోల్పోయి మనిషి మరణించే ప్రమాదం నిజమైనది. మన మెట్ట ప్రాంతంలో ఏడాదిలో పది నెలల పాటు ఆ సమస్యే లేదు. మనకు వేరే భయాలు ఉండాలి. వాటి సంగతి తరువాత చెబుతాను. ముందుగా బరువు సంగతి.

సైకిలు యాత్రకు తేలికైన సామాను కావాలని మొదట పట్టుబట్టిన వారిలో థామస్ హైరమ్ హోల్డింగ్ ఒకరు. ఆయన లండనులో దర్జీ. ఐర్లండులోని కానెమారా ప్రాంతంలో మిత్రులతో చేసిన సైకిలు యాత్ర గురించి 1898లో పుస్తకం ప్రచురించాడు. 1901లో సైకిలు మీద డేరాలతో తిరిగే వారి సంఘాన్ని స్థాపించాడు. దర్జీ కనుక ఏ బట్ట ఎంత తూగుతుందో, ఏ కుట్టు ఎంత బరువును ఆపుతుందో ఆయనకు చేతులకే తెలుసు. ఈ విషయంలో దుకాణం కన్నా కుట్టుమిషను ముందుండాలని నేననుకోవడానికి ఆయన కథ కూడా ఒక కారణం.

నా బరువు 68 కిలోలు, సైకిలు బరువు సుమారు 17. రెండూ కలిపి 85. దీనికి నాలుగు కిలోల సామాను చేర్చితే పెరిగేది అయిదు శాతం లోపే. చదును నేల మీద మన శ్రమలో పెద్ద భాగం ఎదురుగాలికి, చక్రాల రాపిడికి పోతుంది కనుక ఆ నాలుగు కిలోలు కాళ్ళకు అంతగా తెలియవు. చక్రాలలో గాలి తక్కువగా ఉంటే మాత్రం వెంటనే తెలుస్తుంది. కాబట్టి వంద గ్రాముల కోసం వేల రూపాయలు పెట్టడం మన దారులకు అనవసరం.

అయితే అదే నాలుగు కిలోలు వీపున మోస్తే లెక్క పూర్తిగా మారుతుంది. వీపు సంచి బరువు కూర్చునే ఎముకల మీద, మెడ మీద, మణికట్ల మీద పడుతుంది. గంటల కొద్దీ హ్యాండిలు మీద భారం వేసి వంగి ఉన్నప్పుడు అరచేతి చిటికెనవేలి వైపు గుండా పోయే నరం నలుగుతుంది. చిటికెనవేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతాయి. దీనికి వైద్యశాస్త్రంలో సైకిలు వారి పేరే పెట్టారు. సాధారణంగా కొన్ని రోజులలో తగ్గుతుంది గాని, పట్టించుకోకపోతే పట్టు సడలి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. సీటు నొక్కుడు వల్ల తొడల మధ్య మొద్దుబారడం కూడా ఇదే కోవలోది. వీపు చెమటకు ఆరక బట్ట రాసుకుని పుండ్లు పడడం మరొకటి. అందుచేత బరువు ఎంత అన్నదాని కన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. వీపు ఖాళీగా ఉండాలి; సామాను సైకిలు మోయాలి.

ఆ సంచులను మా ఊరి దర్జీ చేత కుట్టించాను. సైకిలు ఫ్రేము మధ్యనున్న త్రికోణానికి అట్టముక్కను కత్తిరించి కొలత ఇస్తే, బడి సంచులకు వాడే మందపు పాలిస్టరు బట్టతో ఒక్క పూటలో కుట్టి ఇచ్చాడు. బరువైన వస్తువులకు, అనగా నీళ్ళకు, పానాలకు, గాలిపంపుకు, అదే స్థానం. సీటు వెనుక కట్టే పొడుగు సంచి యూరియా బస్తాతో చేసినది. ఇప్పటి యూరియా బస్తా 45 కిలోలు మోసే నేత. ఖాళీ బస్తా తూకం చూస్తే నూరు గ్రాముల ప్రాంతం. ఇంత బలానికి ఇంత తేలికైనది ఏ దుకాణంలో దొరుకుతుంది? సబ్బుతో రెండు మూడు సార్లు ఉతికి ఎండబెట్టి, లోపల ఒక మందపు ప్లాస్టిక్ కవరు పెడితే వానకు కూడా భయం లేదు. "డాక్టర్ సారూ, బస్తా సంచికి గిన్ని కుట్లెందుకు?" అని దర్జీ నవ్వాడు. వెనుక చక్రం మీద వేలాడేది తెగితే నా ఎముకలు అతకాల్సి వస్తుందన్నాను. అడగకుండానే మరో వరుస వేశాడు. కట్టడానికి పట్టీలు కొననవసరం లేదు. పంచరు దుకాణంలో పారవేసే పాత ట్యూబును పొడుగ్గా కోస్తే సాగే పట్టీలు సిద్ధం. చిరిగిన గొడుగు బట్టతో మందుల సంచి, బట్టల సంచి కుట్టించవచ్చు. మిగిలిన ట్యూబు రబ్బరును హ్యాండిలు పట్టుకు రెండు పొరలు చుడితే పైన చెప్పిన నరానికి మెత్తదనం దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. హ్యాండిలుకు సంచిని వదులుగా వేలాడదీయకూడదు. చీర కొంగు, చున్నీ వెనుక చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాలు మనకు తెలిసినవే. ముందు చక్రం పుల్లలలో సంచి పట్టీ చిక్కితే సైకిలు ఒక్కసారిగా ఆగిపోతుంది, మనిషి తల మీదుగా ముందుకు పడతాడు. మెడ పక్కటెముక విరగడం అందులో తక్కువ నష్టం. ముందు వైపు ఏది కట్టినా రెండు చోట్ల బిగించి, చక్రానికి జానెడు ఎడం ఉన్నదో లేదో చూడాలి. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా?

పడకకు మన నేలలోనే పాత జవాబు ఒకటి ఉన్నది: గొంగడి. దక్కనీ గొర్రె ఉన్నితో నేసినది. చినుకులకు త్వరగా తడవదు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకొంటుంది, నెగడు నుండి ఎగిరిన నిప్పురవ్వకు పాలిస్టరులా కరిగి చర్మానికి అంటుకోదు. మందతో పాటు పొలాలలో రాత్రులు గడిపే కురుమలకు అదే గొడుగు, అదే పరుపు, అదే దుప్పటి. "గొంగడి ఉంటే ఇల్లున్నట్లే సారూ" అని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. ఆయన మాట నిజమే గాని మంచి గొంగడి రెండు కిలోలకు తగ్గదు. డిసెంబరు, జనవరి నెలలలో ఆ బరువు మోయవచ్చు. మిగిలిన కాలంలో పలుచని నూలు దుప్పటి, కింద పరచడానికి మూడువందల గ్రాముల నురుగు చాప చాలు. ఈ చాప కొనదగిన వస్తువే, ఇంట్లో చేసుకోలేము. బొంత మాత్రం వద్దు. వాన తడిస్తే రెండు రోజులైనా ఆరదు.

వంట సామగ్రిని నేను పూర్తిగా తొలగించాను. ఖాళీ డబ్బాతో స్పిరిటు పొయ్యి చేసుకోవడం ఇప్పుడొక సరదా. పగటి వెలుగులో స్పిరిటు మంట కంటికి సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్ళీ స్పిరిటు పోస్తే మంట సీసాలోకి ఎగబాకుతుంది. ఆ కాలిన గాయాలు ముఖానికి, చేతులకు అవుతాయి. ఊరూరా టీ హోటలు ఉన్న జిల్లాలో ఈ ప్రమాదం తెచ్చుకోవడం ఎందుకు? సద్దిమూటలో జొన్న రొట్టె, సర్వపిండి, అటుకులు, పల్లీలు, బెల్లం ఉంటే ఒక రాత్రి గడిచిపోతుంది.

నీటి విషయంలో మాత్రం తూకం చూడకూడదు. ఖాళీ స్టీలు సీసా మూడు నాలుగు వందల గ్రాములు తూగితే, కూల్‌డ్రింకు వచ్చే లీటరు ప్లాస్టిక్ సీసా నలభై గ్రాములు దాటదు. పాత్రలో బరువు తగ్గించండి, నీటిలో కాదు. ఎండకాలంలో మూడు లీటర్లు లేకుండా బయలుదేరవద్దు. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా నీటికి వాడరాదు. చేలలో పనిచేసే చోట ఎవరైనా అటువంటి డబ్బాలో నీళ్ళిస్తే మర్యాదకైనా తాగవద్దు. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోవాలి. ఒక్కొక్కటి సుమారు 21 గ్రాములు, లీటరు నీటికి ఒకటి. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అదీ టీ చెంచాతో తలకొట్టి. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గాని వాడే వారికి గంటల కొద్దీ తొక్కుడు వలన రాత్రి నిద్రలో చక్కెర పడిపోవచ్చు. మోతాదు గురించి మీ వైద్యునితో ముందే మాట్లాడండి. గ్లూకోజు చేతికందే చోట ఉంచుకోండి. ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి, దానిని తడి నూలుగుడ్డ సంచిలో నీడన ఉంచితే, కుండలో నీరు చల్లబడినట్లే కొంత చల్లగా ఉంటుంది. ఎండలో నిలిపిన సైకిలు సంచిలో ఉంచితే అది పాడవుతుంది.

ఇక అసలు భయం. తేలికగా తిరిగే విదేశీయులు డేరాను కూడా వదిలి, పైన ఒక పరదా మాత్రం కట్టుకుని నేల మీద పడుకుంటారు. ఇక్కడ ఆ పద్ధతిని అనుసరించకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం. 2020లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు పన్నెండు లక్షల మంది మరణించారు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు సంభవించిన ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నాగుపాము, రక్తపింజర కరిస్తే నొప్పి, వాపు ఉంటాయి, మనిషికి తెలుస్తుంది. కట్లపాము వేరు. అది రాత్రివేళ తిరుగుతుంది. నేల మీద నిద్రించే వారి పడకలోకి వస్తుంది, నిద్రలో మనిషి కదిలితే కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. చీమ కుట్టిందనుకుని మళ్ళీ నిద్రపోయిన వారున్నారు. వరి కుప్పలు, గడ్డివాములు, ఎలుకలున్న పంపుసెట్టు గదులు, మనం సైకిలు ఆపి పడుకోవాలనుకునే చోట్లన్నీ దానికీ ఇష్టమైనవే.

దీనికి విరుగుడుగా మోయదగినది దోమతెర. నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో జరిపి 2007లో ప్రచురించిన పరిశీలనలో దోమతెరలో పడుకున్న వారికి పాముకాటు గణనీయంగా తక్కువని తేలింది. నా దోమతెరకు అడుగున పలుచని తార్పాలిన్ బట్ట కలిపి కుట్టించి, ఒక పక్క జిప్పు పెట్టించాను. సైకిలుకు, చెట్టుకు మధ్య తాడు కట్టి వేలాడదీస్తే మూసిన గది అవుతుంది. తూకం ఆరువందల గ్రాములు. డెంగీ దోమ పగలు కుడుతుంది కనుక మధ్యాహ్నపు కునుకుకు కూడా అదే వాడతాను. అడుగు కుట్టని మామూలు తెర ఉంటే అంచులను చాప కిందికి గట్టిగా దోపాలి. రైతు అనుమతితో పొలంలో ఆగినప్పుడు నులక మంచం అడగండి, మొహమాటం వద్దు. మంచం పైన దోమతెర, ఇంతకన్నా మంచి డేరా నాకు తెలియదు. తినుబండారాలను పడకకు దూరంగా కొమ్మకు కట్టాలి. ఎలుక వస్తే వెనుక పాము వస్తుంది. తలకు కట్టుకునే దీపం, దానికి కొత్త బ్యాటరీ, తెరలోపలే పెట్టుకున్న బూట్లు. రాత్రి మూత్రానికి లేచినా ఈ మూడూ లేకుండా కాలు కింద పెట్టరాదు. బూట్లను దులిపి తొడగాలి.

సంచులు, చాప, దుప్పటి, తెర, పనిముట్లు, మందులు, ఒక జత బట్టలు కలిపి నా సామాను నీళ్ళు కాక నాలుగు కిలోలు. కొన్నవి చాప, దీపం, గాలిపంపు, పంచరు సామాను, వెనుక ఎర్ర దీపం. మిగిలినవన్నీ ఇంటివో, దర్జీవో.

తెల్లవారి లేచినప్పుడు కారణం తెలియని కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా ఒంటి మీద గాటు వెతుకుతూ కాలం గడపవద్దు. కట్లపాము కాటే అనుకోవాలి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం చేయకూడదు. కరిచిన చోటు తెలిస్తే ఆ కాలికో చేతికో కదలకుండా కర్ర ఊతం కట్టాలి. మనిషిని నడవనివ్వకూడదు, సైకిలు తొక్కనివ్వకూడదు. మింగలేకపోయినా, వాంతి అవుతున్నా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108కి ఫోను చేసి, లేదా దొరికిన వాహనంలో, విషానికి విరుగుడు సూది, కృత్రిమ శ్వాస వసతి రెండూ ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తేనవసరం లేదు. సైకిలును, సామానును అక్కడే వదిలేయండి.