ఓడినప్పుడు గుర్తొచ్చే ఆడవాళ్ళు

నేను కాంగ్రెస్ ఓటర్ని. ఈ మాట స్త్రీవాద మిత్రుల మధ్య చెప్పుకోవడం కొంచెం కష్టమే. సమస్యని బట్టి ఓటేస్తామనో, ఉన్నవాళ్ళలో తక్కువ చెడ్డవాళ్ళకి వేస్తామనో అంటే అందరూ తలూపుతారు. ఫలానా పార్టీ మనిషిని అంటే మాత్రం, చదువుకున్నదానివి, నీకిదేం జబ్బు అన్నట్టు చూస్తారు. నాకు తెలియక కాదు. ఎమర్జెన్సీ తెలుసు. 1984 ఢిల్లీ తెలుసు. షాబానో తీర్పు తర్వాత 1986లో మా పార్టీ తెచ్చిన చట్టం సంగతీ తెలుసు. అయినా ఓట్ల లెక్కింపు రోజున టీవీ ముందు కూర్చుంటే నా కళ్ళు ముందుగా చెయ్యి గుర్తు పక్కనున్న అంకెనే వెతుకుతాయి.

2025 నవంబరు 14న ఆ అంకె 6. బీహార్‌లో 61 చోట్ల పోటీ చేస్తే 6 వచ్చాయి. అవతలి కూటమికి 243లో 202. ఆ సాయంత్రం ఫోన్లు చేసిన మావాళ్ళు, అంటే పార్టీ మీద నాకున్నంత పిచ్చీ ఉన్నవాళ్ళు, రెండు కారణాలు చెప్పారు. ఓట్లు దొంగిలించారన్నది ఒకటి. పదివేలకి ఆడవాళ్ళు అమ్ముడుపోయారన్నది రెండోది. ఒకే మనిషి, ఒకే ఫోన్‌లో, రెండూ. దొంగిలించి గెలవగలిగినవాళ్ళకి 75 లక్షల మందికి తలో పదివేలూ వెయ్యాల్సిన ఖర్మేమిటి? వేసి గెలిచినవాళ్ళకి మళ్ళీ దొంగతనం ఎందుకు? రెండూ కలిపి జరగకూడదనేం లేదు గానీ, ఈ ప్రశ్న అడగాలని కూడా ఎవరికీ అనిపించలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. ఆ రెండు కారణాల్లో దేంట్లోనూ ఓటేసిన ఆడమనిషి లేదు. మొదటిదాంట్లో ఆమె ఓటు ఆమెది కాదు. రెండోదాంట్లో ఆమె బుద్ధి ఆమెది కాదు. ఎన్నికల సంఘం లెక్క ప్రకారం ఆ ఎన్నికల్లో ఆడవాళ్ళు 71.6 శాతం, మగవాళ్ళు 62.8 శాతం ఓటేశారు. అంత పెద్ద సంఖ్యలో క్యూలో నిలబడ్డవాళ్ళు మా విశ్లేషణలో మాయమైపోయారు.

నా పార్టీ నాకు అమ్మ నుంచి వచ్చింది. నాన్న మార్క్సిస్టు పార్టీ మనిషి. పోలింగు ముందు రోజు రాత్రి అన్నాలయ్యాక అమ్మకి ఎవరికి వెయ్యాలో చెప్పేవాడు. అమ్మ "అట్టాగే" అనేది. మర్నాడు నాన్న వెనకాలే వెళ్ళి ఆవూ దూడా మీద గుద్దొచ్చేది. ఈ సంగతి నాన్న పోయిన చాలా ఏళ్ళకి గానీ ఆమె నాకు చెప్పలేదు. 1977లో దేశమంతా ఇందిరని ఓడిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కి వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే అవతలి పక్షాన గెలిచారు. "పల్లెటూరి ఆడంగులు బొమ్మ చూసి గుద్దేశారు" అని నాన్న స్నేహితులతో అనేవాడు. వాళ్ళకి కాఫీ తెచ్చిచ్చిన అమ్మ ఆ మాట వినేది. ఆ ఓటు సరైందా కాదా అనేది వేరే చర్చ, ఎమర్జెన్సీలో జైళ్ళకి వెళ్ళినవాళ్ళ ముఖం చూసి దాన్ని సమర్థించడం నావల్ల కాదు. కానీ ఆమె జీవితంలో ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. "ఆడవాళ్ళు బొమ్మ చూసి గుద్దారు" నుంచి "ఆడవాళ్ళు పదివేలకి అమ్ముడుపోయారు" దాకా యాభై ఏళ్ళలో మనం నడిచిన దూరం ఎంత?

అనుమానం విషయానికొస్తే, అది ఈ దేశంలో ఎప్పుడూ ఓడినవాళ్ళ సొత్తే. 1971లో ఇందిర గెలిచినప్పుడు, రష్యా నుంచి వచ్చిన కనపడని సిరాతో బ్యాలెట్ కాగితాల్లో మాయ చేశారని జనసంఘ్ నాయకుడు బలరాజ్ మధోక్ కోర్టుకెళ్ళాడు. కాగితం మీద అన్నమాట, యంత్రం మీద కాదు. 2009లో మేం గెలిస్తే ఇవిఎంల మీద అనుమానం బిజెపికి. మరుసటి సంవత్సరం ఆ పార్టీకి చెందిన జివిఎల్ నరసింహారావు దీని మీద పుస్తకం రాస్తే అద్వానీ ముందుమాట రాశారు. ఇవిఎంని ఎలా మోసగించవచ్చో చూపించిన హైదరాబాద్ సాంకేతిక నిపుణుడు వేమూరి హరిప్రసాద్‌ని 2010లో అరెస్టు చేశారు. అప్పుడు కేంద్రంలో ఉన్నది మేమే. 2019లో పోలింగు అయిన వెంటనే చంద్రబాబు నాయుడు ఇవిఎంల మీద ఢిల్లీ వెళ్ళి పోరాడారు. 2024లో 11 సీట్లకి పడిపోయిన జగన్ కాగితం బ్యాలెట్ కావాలన్నారు, అప్పటికి చంద్రబాబుకి ఇవిఎంతో పేచీ లేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా. ఆ సామెత నాకెప్పుడూ నచ్చదు. మద్దెల ఎప్పుడూ బాగానే ఉంటుందని, తప్పంతా ఆడేవాళ్ళదేనని అది ముందే తేల్చేస్తుంది. మద్దెల నిజంగానే పగిలిన రోజున ఆ మాట చెప్పగలిగేది కూడా ఆడేవాళ్ళే.

అందుకని మా రాహుల్ గాంధీ 2025 ఆగస్టు 7న మహదేవపుర జాబితాలు తెచ్చి బల్ల మీద పెడితే నేను శ్రద్ధగానే విన్నాను. ఒక్క అసెంబ్లీ సెగ్మెంటులో లక్ష పైచిలుకు దొంగ ఓట్లన్నారు. ఎన్నికల సంఘం పరిశీలిస్తాం అనడానికి బదులు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి రమ్మంది. ఎన్నికల కమిషనర్లని ఎంపిక చేసే కమిటీలో ప్రధానీ, ప్రతిపక్ష నాయకుడితో పాటు ప్రధాన న్యాయమూర్తి కూడా ఉండాలని సుప్రీంకోర్టు 2023 మార్చిలో చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం ఆ న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంపిక చేసే మంత్రిని కూర్చోబెట్టింది. ఒక జట్టు కెప్టెనే అంపైర్ని తెచ్చుకున్నాక, అంపైర్ని అనుమానిస్తారా అని కోప్పడడంలో అర్థం లేదు.

ఆ ఆగస్టు 17న ప్రధాన ఎన్నికల కమిషనర్ జ్ఞానేశ్ కుమార్ విలేఖరులతో మాట్లాడుతూ, పోలింగు కేంద్రాల వీడియోలు ఇమ్మంటున్నారు, మన తల్లుల, కోడళ్ళ, కూతుళ్ళ వీడియోలు ఇచ్చెయ్యాలా అన్న అర్థంలో అడిగారు. నేను మళ్ళీ పెట్టుకుని విన్నాను. పోలింగు కేంద్రానికి వెళ్ళిన నేను ఎవరి తల్లిని, ఎవరి కోడలిని? నా ఓటు లెక్క సరిగా ఉందా అని అడిగే హక్కుని నా మానం పేరు చెప్పి మూసెయ్యడం ఎంత తేలికో! స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికల నుంచీ ఇదే కథ. 1951-52 జాబితాల్లో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్య అనో, ఫలానా వాడి తల్లి అనో రాయించుకుంటే, అవి చెల్లవని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కొట్టేయించారు. దాదాపు 28 లక్షలమంది అలా పోయారు. సేన్‌ని తప్పు పట్టలేను, మనిషికి పేరుండాలని ఆయన పట్టుబట్టాడు. 2025లో బీహార్ ముసాయిదా జాబితా నుంచి 65 లక్షల పేర్లు తీసేసినప్పుడు వాటిలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళవే ఎక్కువ. ఎందుకో మనకి వేరే చెప్పాలా? పెళ్ళితో ఊరు మారేది, ఇంటిపేరు మారేది, కాగితాల్లో తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చేది ఎవరికి? మా వదిన పేరు కొన్నాళ్ళు పుట్టింటి ఊళ్ళోనూ, అత్తింటి ఊళ్ళోనూ కూడా ఉండేది. తర్వాత ఒక ఎన్నికకి రెండుచోట్లా లేదు. మా పార్టీ తెర మీద చూపించే లెక్కలో ఆమె డూప్లికేట్ ఓటరు. ప్రభుత్వం లెక్కలో శాశ్వతంగా వలస వెళ్ళిన మనిషి. ఇద్దరిలో ఎవరూ ఆమెని పిలిచి అడగరు.

ఇక అమ్ముడుపోవడం. మహారాష్ట్రలో 2024 ఎన్నికల ముందు నెలకి 1500, బీహార్‌లో పదివేలు. నోటిఫికేషన్ వచ్చాక కూడా ఖాతాల్లో డబ్బులు పడ్డాయంటే అది ఘోరమే. దానికి జవాబు చెప్పాల్సింది వేసినవాళ్ళూ, వెయ్యనిచ్చినవాళ్ళూ. ఖాతాలో పడిన డబ్బు తీసుకున్న మనిషి కాదు. 2023లో కర్ణాటకలో నెలకి 2000 ఇస్తామన్నది మేమే. ఆ ఏడాదే తెలంగాణలో ఉచిత బస్సూ, నెలకి 2500 అని ఇంటింటికీ కార్డులు పంచింది మేమే. డిసెంబరు 3న 119లో 64 వస్తే అది మహిళా చైతన్యం, మహాలక్ష్ముల తీర్పు. బీహార్‌లో ఓడితే అమ్మకం. 1992లో దూబగుంటలో మొదలుపెట్టి సారా దుకాణాలు మూయించిన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళ మీద మనం ఎన్ని వ్యాసాలు రాసుకున్నాం! ఆ ఆడవాళ్ళే 1994లో మద్యనిషేధం తెస్తానన్న ఎన్టీఆర్‌ని గెలిపించి, మా పార్టీని 294లో 26కి దించారు. వాళ్ళు కోరుకున్నది కూడా తమ ఇంటి డబ్బు తమ ఇంట్లో ఉండడమే కదా.

మా ఇంట్లో పనిచేసే ఆమెని అడిగాను, డబ్బులిచ్చినవాళ్ళకే వేస్తారటగా అని. ఆమె చీపురు పక్కన పెట్టి నవ్వింది. "అందరిస్తరు గదమ్మా. ఇచ్చినోనికే ఎయ్యాలంటే ఎందరికెయ్యాలె? తీసుకుంట. లోపలికి పోయినంక నా ఇష్టం." నేనింకేమీ అడగలేదు. ఎవరికి వేసిందో చెప్పమని అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

నాయకత్వం మీద నా అనుమానం ఇక్కడ మొదలవుతుంది. 2014లో 44, 2019లో 52, 2024లో 99. రాహుల్ గాంధీ కోపం నిజమైందని నమ్ముతాను. ఎండలో నడిచిన నడకా నిజమైందే. 2025 ఆగస్టులో ససారాంలో బయల్దేరి పదహారు రోజులు బీహార్‌లో తిరిగాడు, తీసేసిన ఓట్ల కోసమే. ఆ యాత్ర సాగుతుండగానే ఆగస్టు 22న సుప్రీంకోర్టులో ఒక లెక్క బయటికొచ్చింది. 12 పార్టీలకీ కలిపి లక్షా అరవై వేలమంది బూత్ స్థాయి ఏజెంట్లున్నారు, వాళ్ళు వేసిన అభ్యంతరాలు రెండు. 65 లక్షల పేర్లకి రెండు. మేం లక్షల ఫిర్యాదులిచ్చాం, తీసుకోలేదు అని మా పార్టీ తర్వాత చెప్పింది. కావచ్చు. ఫారం సరిగ్గా నింపి రసీదు తెచ్చుకునే మనిషి ఊరికొకరు లేకపోతే, ఢిల్లీలో ఎంత పెద్ద తెర పెట్టి చూపిస్తే ఏం లాభం? ఆ మనిషి ఆడమనిషి అయితే కోడళ్ళ పేర్లు ఎక్కడెక్కడ పోయాయో ఆమెకి తెలుస్తుంది. కానీ మా పార్టీ ఆడవాళ్ళని పిలిచేది సభలో ముందు వరసల కోసం. అంతగా ఆడవాళ్ళ ఓట్లతో గెలిచిన తెలంగాణ అసెంబ్లీలో 2023లో అన్ని పార్టీలకీ కలిపి గెలిచిన మహిళలు 119లో పదిమంది.

2004 మేలో సోనియా గాంధీ ప్రధాని పదవి వద్దన్న రోజు నేను ఏడ్చాను. ఆమె గనక ప్రధాని అయితే గుండు చేయించుకుంటానని సుష్మా స్వరాజ్ అన్నారు, ఒక ఆడదాని గెలుపుని ఇంకో ఆడదాని వైధవ్యంతో కొలిచిన మాట అది. సోనియా అంటే నాకు ఈనాటికీ గౌరవమే. అయితే 1998 నుంచి 2022 దాకా అధ్యక్ష పదవి తల్లి నుంచి కొడుక్కీ, కొడుకు నుంచి మళ్ళీ తల్లికీ వెళ్ళింది. 2020లో 23 మంది నాయకులు ఉత్తరం రాస్తే ఇంటి గుట్టు బయటపెట్టినట్టు చూశారు. ఇంటిపెద్దని ప్రశ్నించకూడదు, తప్పు జరిగితే బయటివాళ్ళ మీద తొయ్యాలి అన్న నీతి మనకి కొత్తా? దాన్ని ఇళ్ళల్లో చూసి చూసే కదా ఇలాంటి పత్రికల్లో రాయడం మొదలుపెట్టాం. దొంగతనం జరగలేదని నేననను. ఎంత జరిగిందో తేలనంత కాలం మా నాయకుడు ఎప్పటికీ ఓడిపోడు, అదీ నా భయం. హర్యానాలో బ్యాటరీ, మహారాష్ట్రలో జాబితా, బీహార్‌లో పదివేలు. ఆంధ్రలో మాకు 2014లోనూ, 2019లోనూ, 2024లోనూ సున్నా వచ్చింది. 2019లో నోటాకి మాకంటే ఎక్కువ పడ్డాయి. ఆ సున్నాని ఏ యంత్రం మీద తోస్తాం?

బీహార్ తర్వాత ఈ జాబితా సవరణ తమిళనాడుతో సహా 12 చోట్లకి వచ్చింది. నెల్లూరు నుంచి చెన్నైకి కోడలిగా వెళ్ళిన మా అక్క కూతురు 2025 నవంబరులో ఫోన్ చేసింది. ఆమెకి అక్కడ ఓటుంది, ఆధార్ ఉంది, రేషన్ కార్డుంది, ఇద్దరు పిల్లలున్నారు. ఫారంలో మాత్రం పాత సవరణ నాటి జాబితాలో తల్లిదో తండ్రిదో వివరం రాయమన్నారట, భర్త పేరు చాలదట. "పిన్నీ, పెళ్ళయినప్పట్నుంచీ ప్రతి కాగితం మీదా ఆయన పేరే రాయించారు. ఇప్పుడేమో అమ్మ పేరు కావాలంటున్నారు" అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు నాకు. మా అక్కని అడిగితే 2002లో ఏ బూత్‌లో వేసిందో చెప్పలేకపోయింది. బడి వెనకాల, వేపచెట్టున్న గది అంది.

పాత జాబితాలు ఎన్నికల సంఘం ఇంటర్నెట్‌లో పెట్టింది. నేనూ ఆ పిల్లా ఫోన్ పట్టుకునే రెండు రాత్రులు కూర్చుని వార్డు వార్డూ తిరగేశాం. మూడో రోజు దొరికింది. అక్క వయసు తప్పు, ఇంటి నంబరు తప్పు, పేరులో ఒక అక్షరం లేదు. బావగారి పేరు మాత్రం పొల్లు పోకుండా ఉంది.