వెనక సీటు దానిది

మీకు కారుందా? ఆదివారం పొద్దున ఖాళీయేనా? అయితే బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఈ రెండు సంగతులూ పైకి అనకండి. అన్నారా, సాయంత్రానికల్లా మిమ్మల్ని ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో కలిపేస్తారు. “హోప్‌ఫామ్ దగ్గర కుక్కకి దెబ్బ తగిలింది, హెబ్బాళ దాకా ట్రాన్స్‌పోర్ట్ కావాలి, ఎవరైనా ఉన్నారా?” అని మెసేజ్ వస్తుంది. మీరు ‘చూద్దాంలే’ అనుకునేలోపే దాని ఫొటో వస్తుంది. ఇక చూసేదేముంది, తాళాలు వెతుక్కోవడమే.

ఇందులో మా గొప్పేం లేదండీ. రోడ్డు మీంచి తీసేది ఒకరు, వైద్యం చేసేది ఇంకొకరు, నయమయ్యేదాకా ఇంట్లో పెట్టుకుని సాకేది మరొకరు. మధ్యలో డ్రైవరు పని మాది. వెనక సీటు మీద పాత దుప్పటి, కింద న్యూస్‌పేపర్లు, ఒక స్లిప్ లీష్, ఒక చుట్ట బ్యాండేజీ గుడ్డ. గుడ్డ దేనికంటే మూతికి వదులుగా కట్టడానికి. ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో ఉన్నప్పుడు ముట్టుకుంటే కరవచ్చు. ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా మాత్రం కట్టకూడదు. పన్ను దిగిందో, పసుపూ కారమూ అద్దుకుంటూ కూర్చోకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ పూటే వ్యాక్సిన్‌కి పరిగెత్తాలి. పార్వో వైరస్ సోకిన కుక్కపిల్ల ఎక్కితే, దిగాక బ్లీచ్ కలిపిన నీళ్ళతో బండంతా తుడవాలి. ఆ రోగం మామూలు సబ్బుకి లొంగదు.

ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. దారిలో ఎలాంటి మనుషులు తగులుతారో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఒకరోజు మా ఆయన బండి తీసుకుని ఎటో వెళ్ళారు. నా ఒళ్ళో వెనక కాలు విరిగిన గోధుమరంగు కుక్క. ఆపిన ప్రతి ఆటో దాన్ని చూడగానే ముందుకు సాగిపోతోంది. వాళ్ళననడానికి నోరు రాలేదు. ధర్మరాజు అంతటివాడు పక్కనుంటేనే ఇంద్రుడు రథంలో కుక్కని ఎక్కనివ్వనన్నాడు, నేనెంత! ఫోన్లో ఈ గోడంతా చెల్లెలికి తెలుగులో వెళ్ళబోసుకుంటుంటే ఒక ఆటో ఆగింది.

“ఏడికక్కా?” అన్నాడు. చింతామణి వాడట. ఆ వైపు చాలా ఇళ్ళలో తెలుగే కదా.

“హెబ్బాళ, వెటర్నరీ కాలేజీ. కానీ ఇదుంది...”

వంగి చూసి వెనక్కి జరిగాడు. “కుక్కలంటే నాకు శానా బయమక్కా. చిన్నప్పుడు కరిస్తే బొడ్డు సుట్టూ సూదులేసినారు.” కాసేపు తలగోక్కున్నాడు. “సరే, ఎక్కు. దాని మొకం అట్లా తిప్పి పట్టుకో.”

ఎఫ్ఎమ్ కట్టేశాడు. హూడి మీదుగా టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దాకా ఎన్ని హంపులున్నాయో ఆ రోజు తెలిసింది నాకు. ఒక్కోదానికీ ముందే “హంపొచ్చిందక్కా” అనేవాడు, నేను ఆ కాలు కదలకుండా పట్టుకునేదాన్ని. టిన్ ఫ్యాక్టరీ దగ్గర యథాప్రకారం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పక్కన బొండాలమ్మే ఆయన ఇటు చూసి, ఏమీ అడక్కుండా ఒక బొండం రెండుగా కొట్టాడు. లేత కొబ్బరి గీకేసి, చిప్పలో తన సీసా నీళ్ళు పోసి అందించాడు. మూతి కట్టు విప్పితే అది చప్పుడు చేస్తూ తాగింది. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపి, వెనకాల హారన్ కొడుతున్న కారువాణ్ణి కన్నడంలో నాలుగు తిట్టాడు.

ఆటో అన్న ఛార్జీలో పైసా తగ్గించలేదు, తగ్గించమని నేనూ అనలేదు. కానీ హాస్పిటల్ దగ్గర దింపేటప్పుడు దుప్పటికి రెండు కొసలు తనే పట్టుకున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని.

ఆ కళ్ళు మూసుకోవడం గురించి చాలాసార్లు ఆలోచించాను. నాకు కుక్కలంటే ప్రాణం. కాబట్టి నేను చేసేదాంట్లో సగం నా సరదాయే, ఒప్పుకోవాలి. ఆయనకి అలాంటి సరదా ఏమీ లేదు. ఉన్నదల్లా భయం, దాన్ని కాసేపు పక్కన పెట్టాడు. దయ అనేదేదైనా ఉంటే లెక్కలో ఆయనదే ముందు రాయాలి.

మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ ఉన్నారు. అసోసియేషన్ మీటింగు పెడితే చాలు, వీధికుక్కల మీద ఫిర్యాదుతో మొదలుపెడతారు. ఆవిడే పండక్కి ఇల్లు సర్దుకున్నప్పుడల్లా పాత తువ్వాళ్ళన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి మరీ మా గుమ్మం ముందు పెట్టి వెళతారు. “దాన్ని లిఫ్టులో మాత్రం తేకండి” అని ఒక మాట తప్పకుండా అంటారు. మా గేటు దగ్గర ఒడిశా నుంచి వచ్చిన సెక్యూరిటీ కుర్రాడున్నాడు. రాత్రిపూట కుక్కపిల్లల్ని తీసుకొస్తే, రిజిస్టరులో వాటి పేరుకెదురుగా ‘గెస్ట్’ అని రాసి, తెల్లారేదాకా తన కుర్చీ కింద అట్టపెట్టెలో పడుకోబెడతాడు.

అందరూ ఇలాగే ఉంటారనుకోకండి. “మీరెలాగూ తిప్పుతుంటారుగా, మా వీధిలోదాన్ని ఎక్కించుకెళ్ళి దూరంగా ఎక్కడైనా వదిలేయండి” అని నవ్వుతూ అడిగేవాళ్ళూ తగులుతారు. అది కుదరదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక వీధికుక్కని పట్టుకున్న చోటే వదలాలి. చెవి చివర కత్తిరించి ఉందంటే ఆపరేషన్ అయిందని గుర్తు. 2023లో బెంగళూరు కార్పొరేషన్ లెక్కలో నగరంలో 2.79 లక్షల వీధికుక్కలు తేలాయి. ఒకదాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి ఆపరేషన్ కానిది ఇంకోటి వస్తుంది. అందుకే మేం బండెక్కించేది దెబ్బ తగిలినవాటిని, ఓనర్లు వదిలేసినవాటిని, పెంచుకునే ఇల్లు దొరికినవాటిని.

అయినా, ఈ ఊళ్ళో ఎవరు ఎవర్ని బయటికి పొమ్మంటారు చెప్పండి? 1882లో మైసూరు మహారాజు భూమి ఇస్తే ఆంగ్లో ఇండియన్ల కోసం వెలసిన ఊరిది. వాళ్ళ నాయకుడు డి.ఎస్. వైట్ పేరే దీనికి. ఇప్పుడు గుంటూరు వాళ్ళం, కడప వాళ్ళం, ఒడిశా వాళ్ళం, అందరం దిగాం. బెంగళూరులో మూగజీవాల కోసం క్యూపా అనే సంస్థని 1991లో మొదలుపెట్టిన క్రిస్టల్ రోజర్స్ కూడా ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషే. అప్పటికే జైపూర్‌లో ఒక సంస్థ పెట్టి, ఎనభై దాటాక ఇక్కడికొచ్చి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టారు. ఇక్కడ పుట్టి పెరిగి, వీధి వదలకుండా కాపురమున్నది ఎవరయ్యా అంటే మా కుక్కలే.

మీకు కుక్కలంటే ఇష్టం లేదా? మరీ మంచిది, మాకు కావలసింది మీలాంటివాళ్ళే. ఎవరూ దత్తత తీసుకోమనట్లేదు, ముద్దు చేయమనట్లేదు. పాత దుప్పట్లుంటే పారేయకండి. సిగ్నల్ దగ్గర ముందున్న బండి వెనకద్దంలోంచి రెండు చెవులు కనిపిస్తే ఒక్క నిమిషం హారన్ మీంచి చెయ్యి తీయండి. కాలేజీ మెట్ల దాకా రెండు కొసలు పట్టుకోమంటే పట్టుకోండి. కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు, దారి మేం చెబుతాం.