జోగిపేట నుంచి ఫతేమైదాన్‌ దాకా... తొలి రౌండు దారి!

ఫైనల్‌ చూడటానికి ఎవరైనా వెళతారు. కప్పు ఎత్తుకున్న ఫొటో మర్నాడు ఎలాగూ పేపర్లో వస్తుంది. టెన్నిస్‌ అసలు రుచి తెలియాలంటే మాత్రం టోర్నీ మొదలైన రోజే వెళ్లాలి. ఆ రౌండులో బరిలోకి దిగినవాళ్లలో సగంమంది ఒక్క మ్యాచ్‌తోనే సంచి సర్దుకోవాల్సిందే. గెలిచినవాళ్ల పేర్లు లోకం గుర్తుపెట్టుకుంటుంది. ఓడినవాళ్లు తర్వాత ఏమయ్యారు? ఆ సంగతి చెప్పే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. అదే హైదరాబాద్‌ నడిబొడ్డున ఉన్న ఫతేమైదాన్‌. జోగిపేటలో పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే అక్కడుంటాం.

సింగూరు నీళ్లు వెళ్లే దిక్కుకే...

జోగిపేట అనగానే పాతకాలం వాళ్లకు గుర్తొచ్చేది ఆటలు కాదు, సభ. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొట్టమొదటి సమావేశం జరిగింది ఈ ఊళ్లోనే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అదే సందర్భంలో మహిళలూ విడిగా సభ జరుపుకొన్నారు. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. ఈ కథ అంతకు తొమ్మిదేళ్ల ముందు హైదరాబాద్‌లో మొదలైంది. 1921లో అక్కడ జరిగిన ఓ సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలి చేశారు. నొచ్చుకున్నవాళ్లు ఇంటికెళ్లి ఊరుకోలేదు, సంఘం పెట్టుకున్నారు. అది పెరిగి పెద్దదై జోగిపేటలో మహాసభగా నిలబడింది. తొలి రౌండులో ఓడినవాళ్లు మళ్లీ వచ్చి నిలబడటం అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక్కణ్నుంచి హైదరాబాద్‌ తొంభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఊరు దాటగానే రెండువైపులా చేలు. దగ్గర్లోనే మంజీర మీద కట్టిన సింగూరు జలాశయం. రాజధాని గొంతు తడపడానికి ఆ నీళ్లు ఏళ్ల తరబడి ఇటునుంచే వెళ్లాయి. చదువులకూ, కొలువులకూ, ఆస్పత్రులకూ జనమూ ఆ దిక్కుకే. సంగారెడ్డి చౌరస్తాలో ముంబయి రహదారి ఎక్కితే దృశ్యం మారిపోతుంది. కందిలో ఐఐటీ, ఆ తర్వాత రుద్రారం, ఇస్నాపూర్‌. అక్కణ్నుంచి ఫ్యాక్టరీల వరస మొదలవుతుంది. పొద్దుటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు రోడ్డు పక్కన టీ కొట్ల దగ్గర ఎదురుపడతారు. పటాన్‌చెరులో 1972 నుంచి మెట్ట పంటల మీద పరిశోధనలు చేస్తున్న ఇక్రిశాట్‌ పొలాలు, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్‌. లింగంపల్లి, మియాపూర్‌ దాటేసరికి నగరం మింగేస్తుంది!

గెలుపు పేరు పెట్టుకున్న మైదానం

ఫతేమైదాన్‌ అంటే విజయ మైదానం. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం ఇక్కడ గుడారాలు వేసిందనీ, కోట చేజిక్కాక ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు మనం లాల్‌బహదూర్‌ స్టేడియం అంటున్నది ఇదే. 1967లో శాస్త్రిగారి పేరు పెట్టారు. ఒకపక్క అసెంబ్లీ, పబ్లిక్‌ గార్డెన్స్‌, మరోపక్క నిజాం కాలేజీ, బషీర్‌బాగ్‌, ఆబిడ్స్‌. ఇంత రద్దీ మధ్య టెన్నిస్‌ కోర్టులున్న మూలకు వెళితే మాత్రం బంతి చప్పుడు వినిపిస్తుంది. ‘టక్‌... టక్‌...’ అంటూ గోడ గడియారం కొట్టుకున్నట్టే.

2003 నుంచి 2005 దాకా వరసగా మూడేళ్లు, ఫిబ్రవరి నెలలో ఇక్కడ హైదరాబాద్‌ ఓపెన్‌ జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ పర్యాటక శాఖ పేరుతో నడిచిన ఈ మహిళల టోర్నీది డబ్ల్యూటీఏ లెక్కల్లో నాలుగో అంచె. అంటే ప్రపంచ టాప్‌ టెన్‌ తారలు కట్టగట్టుకుని వచ్చే పోటీ కాదు. ఎదుగుతున్నవాళ్లు, దిగుతున్నవాళ్లు, ఎలాగైనా ఒక్క రౌండు దాటాలని వచ్చినవాళ్లు తలపడే చోటు. అదే దాని అందం.

ముప్పై ఇద్దరిలో పదహారుగురు ఇంటికి!

లెక్క చాలా సులువు. ఇలాంటి టోర్నీలో సింగిల్స్‌ ప్రధాన డ్రాలో 32 మంది ఉంటారు. మొదటి రౌండులో 16 మ్యాచ్‌లు. బుధవారం దాటేసరికి పదహారుగురి ఆట ముగిసిపోతుంది. తర్వాత ఎనిమిది మ్యాచ్‌లు, తర్వాత నాలుగు... ఇలా మొత్తం 31 మ్యాచ్‌లు ఆడితే మిగిలేది ఒక్కరు. మెరుగైన ర్యాంకున్న ఎనిమిది మందిని సీడ్లుగా వేరుచేసి, క్వార్టర్‌ ఫైనల్‌ దాకా వాళ్లలో వాళ్లు తలపడకుండా డ్రా వేస్తారు. మిగతావాళ్లకు ఆ రక్షణ ఉండదు. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లతోనే ఆడాలి. పెద్ద సీడ్‌తో మొదటి రోజే తగిలితే తలరాత అనుకోవడమే.

ఇంతకీ ఆ 32 మందిలోకి రావడం ఎలా? ఎక్కువమంది ర్యాంకును బట్టి నేరుగా వస్తారు. ఆ ర్యాంకు లేనివాళ్లు ముందుగా క్వాలిఫయింగ్‌ మ్యాచ్‌లు ఆడాలి. అందులో ఆఖరి మెట్టు మీద ఓడినా, ప్రధాన డ్రాలో ఎవరైనా గాయంతో తప్పుకుంటే ఆ ఖాళీలోకి రావచ్చు. వాళ్లను ‘లక్కీ లూజర్‌’ అంటారు. ఓడినవాళ్లకు అదృష్టవంతులన్న పేరు పెట్టిన ఆట ఇది! ఇంకో దారి వైల్డ్‌కార్డు. నిర్వాహకులు తమకు నచ్చిన కొద్దిమందికి, సాధారణంగా సొంత ఊరి పిల్లలకు ఇచ్చే ప్రవేశపత్రం. సొంత ఊళ్లో టోర్నీ ఉంటే ఒరిగేదేమిటని ఎవరైనా అడిగితే, సమాధానం ఈ వైల్డ్‌కార్డే.

కింది ర్యాంకుల్లో ఉన్నవాళ్లకు మొదటి రౌండు అంటే ఒక్క మ్యాచ్‌ కాదు. విమానం టికెట్టు, హోటలు గది, కోచ్‌ జీతం, ర్యాకెట్లకు తీగలు బిగించుకునే ఖర్చు... అన్నీ అందులోనే. గెలిస్తే ర్యాంకింగ్‌ పాయింట్లతోపాటు పైమెట్టు డబ్బూ వస్తుంది. ఓడితే మళ్లీ మరో దేశం, మరో క్వాలిఫయింగ్‌. సోమవారం మధ్యాహ్నం సగం ఖాళీగా ఉన్న గ్యాలరీ ముందు ఓ అమ్మాయి బ్రేక్‌ పాయింట్‌ కోసం పిడికిలి బిగించి అరిచిందంటే, అది ఊరికే కాదు మరి.

మూడు ఫిబ్రవరులు

2003 ఫిబ్రవరి. పదహారేళ్ల హైదరాబాద్‌ అమ్మాయికి వైల్డ్‌కార్డు దక్కింది. పేరు సానియా మీర్జా. ఆరేళ్లప్పుడు ర్యాకెట్‌ పట్టింది. తండ్రి ఇమ్రాన్‌ మీర్జా దగ్గరే ఆట నేర్చుకుంది. డబ్ల్యూటీఏ టోర్నీ ప్రధాన డ్రాలో అదే తొలి అడుగు. మొదటి రౌండులో రష్యాకు చెందిన ఎవ్‌జీనియా కులికోవ్‌స్కయాతో మూడు సెట్లు పోరాడి ఓడింది. ఆ ఏడాది కప్పు థాయ్‌లాండ్‌ క్రీడాకారిణి తమరిన్‌ తనసుగర్న్‌కు దక్కింది.

2004 ఫిబ్రవరి. మళ్లీ వైల్డ్‌కార్డు, మళ్లీ మొదటి రౌండు. ఎదురుగా ఆస్ట్రేలియా క్రీడాకారిణి నికోల్‌ ప్రాట్‌. మళ్లీ మూడు సెట్లు, మళ్లీ ఓటమి! ఆ వారం చివర కప్పు ఎత్తింది ప్రాటే. సానియా మాత్రం ఇంటికి వెళ్లలేదు. లీజెల్‌ హ్యూబర్‌తో కలిసి డబుల్స్‌ ఆడి టైటిల్‌ గెలిచింది. సింగిల్స్‌లో మొదటి రౌండులోనే ఓడిన అమ్మాయి అదే టోర్నీలో ట్రోఫీ పట్టుకుని నిలబడింది.

2005 ఫిబ్రవరి. ఈసారి లెక్క వేరు. అంతకు కొద్దిరోజుల ముందే ఆస్ట్రేలియన్‌ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్లి, సెరెనా విలియమ్స్‌తో ఆడి వచ్చింది. ఫిబ్రవరి 12, శనివారం. ఉక్రెయిన్‌ అమ్మాయి అల్యోనా బొండారెంకోతో ఫైనల్‌. తొలి సెట్‌ 6-4తో సానియాది. రెండోది 5-7తో చేజారింది. మూడోది 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్‌ టైటిల్‌ గెలిచిన తొలి భారతీయ మహిళగా సొంత ఊరి మైదానంలోనే చరిత్రకెక్కింది. అదే ఏడాది యూఎస్‌ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. 2003లో ఓడిన అమ్మాయికి 2004లో వైల్డ్‌కార్డు ఇవ్వకపోతే? అసలు ఊళ్లో టోర్నీయే లేకపోతే? ప్రతిభ ఎక్కడున్నా పైకొస్తుంది అనడం తేలిక. దానికి ఓడే అవకాశం కూడా రెండుసార్లు దొరకాలి. ఫతేమైదాన్‌ ఆ అవకాశం ఇచ్చింది.

ఒక్క పాయింటు దూరంలో...

మగపిల్లల దారీ ఏమంత సులువు కాదు. గ్రాండ్‌స్లామ్‌లలో పురుషులకూ మహిళలకూ విడివిడిగా 128 మందితో డ్రా ఉంటుంది. ఒక్కో విభాగంలో మొదటి రౌండులోనే 64 మ్యాచ్‌లు. మహిళలు మూడు సెట్లు ఆడితే, పురుషులు ఐదు సెట్లు ఆడాలి. ఆ ఐదు సెట్లు ఎంత కఠినమో విజయవాడలో పుట్టిన సాకేత్‌ మైనేనిని అడగాలి. 2016 యూఎస్‌ ఓపెన్‌లో క్వాలిఫయింగ్‌ మూడు రౌండ్లూ గెలిచి ప్రధాన డ్రాకు చేరాడు. మొదటి రౌండులో చెక్‌ ఆటగాడు జిరీ వెస్లీతో ఐదో సెట్‌ దాకా తెచ్చాడు. గెలుపు ఒక్క పాయింటు దూరంలో ఉంది. ఒళ్లు సహకరించలేదు, కండరాలు పట్టేశాయి. మ్యాచ్‌ చేజారింది.

అదే సాకేత్‌ అంతకు రెండేళ్ల ముందు, 2014 ఇంచియాన్‌ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్‌ డబుల్స్‌ స్వర్ణం గెలిచినవాడు. సికింద్రాబాద్‌ కుర్రాడు విష్ణువర్ధన్‌ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో లియాండర్‌ పేస్‌తో జతకట్టి డబుల్స్‌ మొదటి రౌండు దాటాడు. రెండో రౌండులో ఆట ముగిసింది. ఒలింపిక్స్‌లో ఒక్క రౌండు దాటడం కూడా చిన్న విషయం కాదని టెన్నిస్‌ తెలిసినవాళ్లెవరైనా చెబుతారు.

మైదానం ఉంది... టోర్నీ?

2005 తర్వాత హైదరాబాద్‌ ఓపెన్‌ మళ్లీ జరగలేదు. సానియా ఆట మాత్రం ఆగలేదు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌ వన్‌, ఆరు గ్రాండ్‌స్లామ్‌ టైటిళ్లు, 43 డబ్ల్యూటీఏ డబుల్స్‌ ట్రోఫీలు. సింగిల్స్‌లో మాత్రం ఫతేమైదాన్‌లో గెలిచిన ఆ ఒక్క టైటిలే. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ ఆడింది. అక్కడేం జరిగిందో తెలుసా? డబుల్స్‌ మొదటి రౌండులోనే ఓటమి! 2003 ఫిబ్రవరిలో తొలి రౌండు ఓటమితో మొదలైన ప్రయాణం, సరిగ్గా ఇరవై ఏళ్లకు తొలి రౌండు ఓటమితోనే ముగిసింది. ఆ మధ్యలో జరిగిందే చరిత్ర. ఆ తర్వాత మార్చి 5న ఎల్‌బీ స్టేడియంలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడి, మొదలైన చోటే వీడ్కోలు తీసుకుంది.

ఇప్పుడు హైదరాబాద్‌ నుంచి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి లాంటి అమ్మాయిలు అంతర్జాతీయ టోర్నీలు ఆడుతున్నారు. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్‌ కింగ్‌ కప్‌ పోటీల్లో శ్రీవల్లి ఆడిన ఐదు సింగిల్స్‌ మ్యాచ్‌లూ గెలిచింది. చెన్నైలో 2022లోనూ, 2025లోనూ డబ్ల్యూటీఏ టోర్నీలు జరిగాయి. అలాంటిది హైదరాబాద్‌కు తిరిగి వస్తే? జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు బడుల పిల్లలు ఓ సోమవారం వచ్చి కూర్చుంటే? టీవీలో కనిపించని సంగతులు అక్కడే తెలుస్తాయి. సర్వ్‌ ఎంత వేగంగా వస్తుందో, ఎండలో మూడో సెట్‌ ఆడే మనిషి ఎలా రొప్పుతుందో, ఓడినా నెట్‌ దగ్గరకు వచ్చి నవ్వుతూ చేయి కలపడం ఎంత కష్టమో! బంతులు అందించే పిల్లల్లో రేపటి క్రీడాకారిణి ఉండకూడదని ఏముంది?

పిల్లలు పరీక్షలో తప్పినప్పుడో, ఇంటర్వ్యూలో వెనక్కి వచ్చినప్పుడో వాళ్లకు కప్పుల ఫొటోలు చూపిస్తే లాభం లేదు. ఈ మైదానానికి తీసుకొచ్చి 2003 సంగతి చెప్పాలి, 2004 సంగతీ చెప్పాలి. 2005 గురించి వాళ్లే అడుగుతారు.

ఇలా వెళ్లొచ్చు...

జోగిపేట నుంచి సంగారెడ్డి మీదుగా హైదరాబాద్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. మియాపూర్‌లో దిగి మెట్రో ఎక్కితే నగరం రద్దీ తప్పుతుంది. అసెంబ్లీ స్టేషన్‌లో గానీ నాంపల్లిలో గానీ దిగితే స్టేడియం దగ్గరే. మ్యాచ్‌లు జరిగే రోజైతే టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. పాయింటు నడుస్తున్నప్పుడు లేవకూడదు, ఫోన్‌ మోగకూడదు. క్రీడాకారులు వైపు మారేటప్పుడే సీటు వెతుక్కోవాలి. తిరుగు ప్రయాణంలో ఆబిడ్స్‌ వైపు నడిస్తే ఇరానీ చాయ్‌, ఉస్మానియా బిస్కట్‌. ఇంకాస్త ముందుకెళితే మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీమ్‌. పిల్లలు ఆ రోజును మర్చిపోకుండా ఉండటానికి అది కూడా అవసరమే మరి!