పెద్దనా? తిమ్మనా?

వదినా, బట్టలారేయడం అయిందా? ఈ నాలుగు పచ్చిమిరపకాయలు అందుకో, చెట్టు విరగ్గాసింది. రాత్రి రెండింటిదాకా మా ఇంట్లో లైటెందుకు వెలిగిందా అనే కదా నీ చూపు! ఎవరిదో శుభలేఖట, పొద్దున్నే ప్రింటుకు వెళ్లాలని మా కోడలు కూర్చుంది.

పన్నెండేళ్లు తెలుగు చెప్పిన పిల్ల. బడి పేరెందుకులే. కరోనాలో జీతం సగం చేశారు, తర్వాత ఆ సగమూ లేదు. 2021 ఏప్రిల్లో మన తెలంగాణ సర్కారు ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంటే, తనూ వెళ్లి రేషన్ షాపు ముందు నిలబడింది. ఆ బియ్యం వండిన రోజు ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. బళ్లు తెరిచాక మళ్లీ పిలిచారు. పోలేదు.

మా ఆయన ఊరుకుంటారా? "పంతులమ్మ ఉద్యోగం మానేసి బొమ్మలేసుకుంటుందా" అని సణిగారు. "బాపుగారు 1955లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు. నల్లకోటేసుకుని కోర్టు చుట్టూ తిరిగుంటే మీ పుస్తకాలకి ఆ అట్టలెవరు వేసేవారు?" అన్నా. మళ్లీ నోరెత్తితే ఒట్టు.

బస్టాండు దగ్గర డీటీపీ షాపులో ఆరు నెలలు కూర్చుని ఫోటోషాపూ, కోరల్‌డ్రా నేర్చుకుంది. ఒకరోజు వంటింట్లో పప్పు ఎనుపుతుంటే ఫోన్లో ఎవరితోనో అంటోంది కదా, "మీకు పెద్దన బాగుంటాడండీ, తిమ్మన మరీ లావు" అని! పిల్లకి మళ్లీ పాఠాల మీద గాలి మళ్లిందనుకున్నా. తీరా చూస్తే అవి అక్షరాల పేర్లట, ఫాంట్లు. సూరన్న, ధూర్జటి, తెనాలి రామకృష్ణ... రాయలవారి కొలువంతా కంప్యూటర్లో పైసా ఖర్చు లేకుండా దిగొచ్చట.

ఒక్కటి చెప్పనా, నాకిప్పుడు గోడమీద పోస్టరు చూస్తే ఒత్తుల మీదికే పోతోంది కన్ను. 'స్త్రీ' రాయి వదినా, కింద ఒత్తులెంత దూరం దిగుతాయో చూడు. ఈ రెడీమేడ్ డిజైన్లు ఇంగ్లీషు అక్షరాలకి చేసినవి, వాటికి ఒత్తులెక్కడివి? అందులో తెలుగు పెడితే పై వరసలో ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. మా కోడలు వరసకీ వరసకీ మధ్య జాగా పెంచుతుంది. "బోర్డు మీద రాసేప్పుడూ ఇంతే కదత్తమ్మా, చివరి బెంచీ పిల్లాడికి అందకపోతే ఎందుకది" అంటుంది. ఫ్లెక్సీ అయితే వీధి చివరకెళ్లి నిలబడి చదువుకుని వస్తుంది, నిజం!

రంగుల గొడవ ఇంకోటి. ఫోన్లో ధగధగలాడిన గులాబీ కార్డు మీదకొచ్చేసరికి వెలవెలబోయిందని ఒకాయన రచ్చరచ్చ చేశాడు. కొట్లో లైట్ల కింద చూసిన చీర ఇంటికొచ్చాక ఎలా ఉంటుంది మనకి? ఇదీ అంతేనట. ఫోన్లో రంగు వెలుతురుతో పుడుతుంది, కాగితం మీద నాలుగు సిరాలు కలిస్తే పుడుతుంది. ఇప్పుడు ముందే ఒక కాపీ తీసి చూపించి సంతకం పెట్టించుకుంటోంది. దెబ్బకి ఆ గొడవ సర్దుకుంది.

డబ్బు పరవాలేదు గానీ, మర్యాదే తగ్గింది వదినా. అప్పుడు "నమస్తే మేడం" అని లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు "అక్కా, రెండు నిమిషాల పనే" అంటారు, రెండు రోజులు తిప్పుతారు. మొన్న ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ: ఆయన ఫోటో ఒకటి, చుట్టూ చిన్నవి పదిహేడు. "నా ఫోటో వాడికంటే అరంగుళం తక్కువైంది" అని వాళ్లలో ఒకడు అర్ధరాత్రి ఫోన్! టేపు పెట్టి కొలిచాడు కాబోలు. అయినా మా పిల్ల చెయ్యి ఊరుకోదు, వాళ్లు పంపిన మేటర్లో తప్పులన్నీ దిద్ది మరీ పంపుతుంది. 'జన్మధిన'మని వస్తే తన కడుపులో పోట్లు. దిద్దినందుకు పైసా ఇవ్వరు.

ఆఁ, మీ మనవడి అన్నప్రాశన కార్డా? చేస్తుందిలే. ఎంతవుతుందో తననే అడుగు, మధ్యలో నన్ను పెట్టకు. నీ ఫోటో, మీ వియ్యపురాలి ఫోటో మాత్రం ఒకే సైజులో ఉంటాయి. ముందే చెప్పేస్తున్నా.